వంటావార్పు రోజు నేను తాగలేదు

సెప్టెంబర్ 10, 2011, శనివారం, కోరుట్ల

ఈ డైరీ జనవరిలో యూనియన్ వాళ్ళు ఇచ్చారు. తొమ్మిది నెలలుగా కృపారాణి దీన్ని, కత్తిరించిన బీడీ ఆకు ఎగిరిపోకుండా మీద బరువుకు పెట్టుకుంటోంది. ఇవ్వమని అడిగితే, "బస్సు నడిపేటోనికి రాతకోతలెందుకయ్య?" అంది. సమ్మె వస్తోంది కదా, సమ్మె సంగతులు రాసుకుంటానన్నాను. ఇరవై ఆరేళ్ళ కాపురంలో భార్యకు పెద్ద అబద్ధాలేం చెప్పలేదు నేను. ఈ రోజు పొద్దటి నుంచి ఇది మూడోది.

మొదటిది, యూనియన్ మీటింగ్ ఉందని చెప్పి జగిత్యాల పోవడం. పోయింది గుండె డాక్టరు దగ్గరికి. రెండోది ఆ డాక్టరుకే చెప్పాను. కుర్రవాడు, కళ్ళజోడు, మాట మెత్తన. "ఏం పని చేస్తరు మీరు?" అని అడిగాడు. "వ్యవసాయం" అన్నాను. మా వీర్నపల్లిలో మా తాత ముత్తాతల్లో ఒక్కరికి గుంట భూమి లేదు. నా నోటితో నేనే పట్టా చేసుకున్నాను.

ఛాతీకి, కాళ్ళకు, చేతులకు వైర్లు తగిలించి కాగితం తీశారు. డాక్టరు దాని మీద పెన్నుతో చూపించాడు. "ఈ గీతల మధ్య దూరం చూడండి. ఒక్కటన్న సమానంగ ఉన్నదా?" లేదు. నాకే తెలుస్తోంది. గుండెకు పైన రెండు గదులు, కింద రెండు గదులట. పై గదులు గట్టిగా ముడుచుకుని రక్తాన్ని కిందికి తోయాలి. నావి ముడుచుకోవడం లేదు, ఉత్తగా వణుకుతున్నాయి. అందుకే నాడి తప్పుతోంది, ఆయాసం, నీరసం. "అదొక్కటే అయితే భయం లేదు. వణికే గదిలో రక్తం నిలిచిపోతది. నిలిచిన రక్తం గడ్డ కడ్తది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం" అన్నాడు. ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు.

చీటీ మీద పేరు రాసిచ్చాడు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. బస్టాండులో కూర్చుని నాలుగుసార్లు చదువుకున్నాను.

గోళీలు రెండు రకాలు. ఒకటి గుండె పరుగు తగ్గించడానికి, ఇంకొకటి రక్తం పల్చబడడానికి. పల్చబడే గోళీ వేసుకుంటే ముందు వారం వారం రక్త పరీక్ష చేయించుకోవాలి. మంచిగుందని ఆపొద్దు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఆ గంటలోనే రావాలి. "దానంతటదే తగ్గినా సరే, రావాలె" అని రెండుసార్లు చెప్పాడు.

నాకు యాభై రెండేళ్ళు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. మా ఇంటి పేరు మీద నెలజీతం ఎత్తిన మొదటి మనిషిని నేను. డిపోలో తెలిస్తే స్టీరింగ్ దగ్గరికి రానియ్యరు.

సెప్టెంబర్ 11

డాక్టరు చూపించినట్టు మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి చూశాను. మూడు కొట్టి ఆగింది. తర్వాత అయిదారు ఒక్కసారే. చర్చిలో పాట జరుగుతుంటే కూడా చూసుకున్నాను. కృప మోచేత్తో పొడిచింది.

సెప్టెంబర్ 14

సకల జనుల సమ్మె నిన్న మొదలైంది. బడులు బంద్, ఆఫీసులు బంద్. మా వాళ్ళు పంతొమ్మిది నుంచి దిగుతారట.

ఈ రోజు నా బండి కోరుట్ల నుంచి సిరిసిల్ల. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడ. ఈ దారిలో ఏ గుంత ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాను. ఈ రోజు రుద్రంగి దాటాక నిజంగానే కళ్ళు మూసుకుపోయాయి. ఒక్క క్షణం. ఛాతీలో ఒకటే కొట్టుకోవడం, తర్వాత తల తేలిపోవడం. బండి నెమ్మది చేసి పక్కకు తీశాను. బండిలో అరవై మూడు మంది. ఇంజిన్ పక్కన బ్యానెట్ మీద ఒక తల్లి చంటిపిల్లను పెట్టుకుని కూర్చుంది. వెనుక నుంచి ఎవరో, "ఏందన్నా, ఎడ్లబండి లెక్క తోల్తున్నవ్! వేములవాడ రాజన్న దర్శనం రేపటికా?" అని అరిచారు. నా కండక్టరు జలపతి మాత్రం నా మొహం చూసి, "నీళ్ళు తాగుతవా అన్నా?" అన్నాడు. పొద్దున ఏమీ తినలేదన్నాను.

అది ఎండ. తినకపోవడం. అంతే.

సెప్టెంబర్ 19, సోమవారం

బస్సులు ఆగాయి. డిపో గేటుకు తాళం వేసి, ముందు టెంటు కొట్టారు. అందరూ జై తెలంగాణ అని గొంతులు చించుకున్నారు. నేనూ అరిచాను. నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. జేఏసీ సుదర్శన్ సారు చూసి భుజం తట్టాడు.

తెలంగాణ రావాలని నాకూ ఉంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ నీళ్ళు దానికి కాదు. రేపు స్టీరింగ్ పట్టుకునే పని లేదని.

సెప్టెంబర్ 20

ఈ రోజు కూడా బస్సు లేదు. హాయి.

సెప్టెంబర్ 23

పల్చబడే గోళీ ఆపేశాను.

ఊరికే ఆపలేదు, ఆలోచించి ఆపాను. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. వారం పరీక్షకు జగిత్యాల పోదామంటే బస్సులు లేవు, ఆటోల్లో మనుషులు వేలాడుతున్నారు, మేడిపల్లి దగ్గర రాస్తారోకో. పైగా, బండి షెడ్డులో ఉన్నప్పుడు ఎవడన్నా డీజిల్ కొట్టిస్తాడా? నేను డ్యూటీ మీద ఉంటే కదా గుండె మీద బరువు. పొద్దంతా టెంటు కింద కూర్చునేవాడికి మందులెందుకు? డ్యూటీ ఎక్కే రోజు మళ్ళీ మొదలు పెడతాను. ఈ లెక్కన మందు మిగులుతుంది కూడా.

ఇంతకీ ఆ గోళీ ఆపిన తర్వాత బాగానే ఉంది. ముందుకన్నా బాగుంది.

సెప్టెంబర్ 26

టెంటు దగ్గర హబీబ్ భాయ్ ఒక్కటే సణుగుడు. మా డిపో మెకానిక్కు. అందరూ ఢిల్లీ గురించి మాట్లాడుతుంటే ఈయన గేటు సందులోంచి బండ్లను చూస్తూ కూర్చుంటాడు. "బండ్లు నడిస్తే ఖరాబు కావు యోహాన్ భాయ్, నిలవడితే ఖరాబయితయి. ట్యాంకుల కింద చెత్తంత కూసుంటది. నెల తర్వాత ఒక్కసారే స్టార్ట్ చేస్తె, గా చెత్త లేసొచ్చి పైపులకు అడ్డం పడ్తది. గప్పుడు నన్ను తిడ్తరు" అన్నాడు.

బండ్ల గురించి మాట్లాడ్డం తప్ప ఈ మనిషికి ఇంకో పని లేదు. లేచి అవతల కూర్చున్నాను.

సెప్టెంబర్ 27

ఈ రోజు మైకు నా చేతికిచ్చారు. కొందరు మెత్తబడుతున్నారట, పండుగ ముందు జీతాల్లేక కష్టమవుతోందని. నేను మైకు పట్టుకుని, నెల కాదు ఆర్నెల్లయినా సమ్మె ఆగొద్దన్నాను. ఒక్క చక్రం తిరగొద్దన్నాను. చప్పట్లే చప్పట్లు. సుదర్శన్ సారు, "గిదీ, అసలు ఉద్యమకారుడంటే యోహాను!" అన్నాడు.

ఇంటికొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. అటుపక్కన జలపతికి ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. వాడూ చప్పట్లు కొట్టాడు.

అక్టోబర్ 1

మూడు. ఆగింది. రెండు. నాలుగు. ఇక చూసుకోను.

అక్టోబర్ 4

సద్దుల బతుకమ్మ. వాడకట్టు ఆడవాళ్ళంతా డిపో ముందే రోడ్డు మీద ఆడారు. బస్సులుంటే ఆడనిస్తారా? కృప చర్చి మనిషైనా చప్పట్లు కలుపుతూ నిలబడింది. నన్ను చూసి నవ్వింది. మనిషి మంచిగున్నావు, సమ్మె నీకు పడ్డది అంది.

అక్టోబర్ 8, శనివారం

నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను. నిన్న పెన్ను పట్టుకోబుద్ధి కాలేదు.

దసరా తెల్లారి రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బస్టాండు ఎదుట రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పెద్ద గంజులు, బియ్యం ఎవరింటి నుంచి వాళ్ళు తెచ్చారు. సమ్మెలో ఉన్నవాళ్ళంతా అక్కడే వండుకుని అక్కడే తినాలి, రోడ్డు కదలొద్దు. నాకు పప్పు గంజు అప్పజెప్పారు. గరిటెతో బంతిలో వడ్డిస్తున్నాను. ఏడెనిమిది మందికి వడ్డించి ఉంటాను. గరిటె చేతిలోంచి జారిపోయింది. వంగి తీద్దామంటే కుడిచెయ్యి వంగింది కానీ వేళ్ళు పట్టుకోవడం లేదు. నా చెయ్యే. చూస్తున్నాను. చెప్పినమాట వినడం లేదు.

"జలపతీ, గరిటె తియ్" అనబోయాను. నోట్లో నాలుక మందంగా దొర్లింది. బయటికి వచ్చింది ఏ భాషో నాకే తెలియదు.

బంతిలో ఒకడు పకపకా నవ్వాడు. "అరె, యోహానన్నకు దసరా ఇంక దిగలే!" అన్నాడు. ఇంకొకడు, "చర్చిల పాటలు పాడే మనిషి! దొంగ చాటుగ ఎంత కల్లు పట్టిచ్చినవన్నా?" అన్నాడు. నవ్వులే నవ్వులు. దసరా తెల్లారి కాళ్ళు తడబడ్డవాడు మా దగ్గర తాగినవాడే, ఇంకో అనుమానం ఎవరికీ రాదు. కోపం కూడా రాదు. ఇద్దరు వచ్చి ప్రేమగా పట్టుకుని టెంటు నీడన పడుకోబెట్టారు, తల కింద జెండా మడిచి పెట్టారు. "జరసేపు పండుకో అన్నా, దిగుతది."

దిగింది. పావుగంటకో ఇరవై నిమిషాలకో వేళ్ళు కదిలాయి. నోరు సరిగ్గా వచ్చింది. లేచి కూర్చున్నాను. జలపతి మజ్జిగ పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. "నిజంగ తాగినవా అన్నా?"

ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. డాక్టరు చెప్పింది అంతా గుర్తుంది, దానంతటదే తగ్గినా సరే, ఆ గంటలోనే. అన్నీ గుర్తున్నాయి. తాగినవాడిని రెండు రోజులు నవ్వి వదిలేస్తారు. రోగమున్నవాడిని డ్యూటీ ఎక్కనియ్యరు.

"ఔ తమ్మీ. మొదటిసారి గదా, పడలే" అన్నాను.

అక్టోబర్ 9, ఆదివారం

చర్చికి కృప ఒక్కతే పోయింది. నన్ను రావద్దంది. "ఏ మొఖం పెట్టుకోని కూసుంట నీ పక్కన?" అంది. పెళ్ళికి ముందు ఆమె ఒక్క షరతు పెట్టింది. తాగేవాడితో నాకు కాపురం వద్దని. ఇన్నేళ్ళూ నా జేబులో బాటిల్ మూత కూడా ఆమెకు దొరకలేదు.

తిరిగి వచ్చాక మాట్లాడలేదు. అన్నం పెట్టింది. పళ్ళెం నేల మీద చప్పుడయ్యేలా పెట్టింది.

పల్చబడే గోళీ మళ్ళీ మొదలు పెట్టాను. ఒకేసారి రెండు వేసుకున్నాను, తప్పినవాటికి. తర్వాత భయమేసింది. డాక్టరును అడగకుండా వేసుకోవచ్చో లేదో. రేపు జగిత్యాల పోతాను.

అక్టోబర్ 10

పోలేదు. రాస్తారోకో అన్నారు. చూడ్డానికి బయటికైతే పోలేదు, అన్నారు. రేపు పోతాను.

అక్టోబర్ 11

ఎల్లవ్వ అక్క ఫోన్ చేసింది. వీర్నపల్లి దాకా పోయింది నా తాగుడు కబురు. ఇక్కడి నుంచి అక్కడికి మూడు వారాలుగా ఒక్క బస్సు లేదు, కబురు మాత్రం ఎట్లా పోయిందో.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అడిగింది. "తమ్మీ, నాలుక మడతవడ్డదా నీకు?"

"పడ్డది. తాగిన గదనే అక్కా."

"ఏ చెయ్యి?"

కుడిచేతి వంక చూసుకున్నాను. చెయ్యి సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

"నాయన పడే ముందు గూడ గిట్లనే అయ్యింది. రెండుసార్లు. దొర చేన్ల కొడవలి జారవడ్డది, మాట ముద్దగచ్చింది. తాగచ్చినవని మేస్త్రి ఎల్లగొట్టిండు. ఊరోళ్ళు నవ్విన్రు. నాయన ఇంటికచ్చి నాతోని అన్నడు, నేను తాగలేదు బిడ్డా అని. నేను గూడ నమ్మలే. గా తర్వాత మూడో రోజు పొద్దుగాల మంచం మీద లేవలే. నేను గా నమ్మకపోవుడు ఇప్పటిదాక మోస్తున్న. నువ్వు తాగినవా తమ్మీ?"

నాయన మూడేళ్ళు మంచంలో ఉన్నాడు. కుడివైపంతా పోయింది. పావురం నెత్తురు పెట్టి మర్దన చేస్తే చెయ్యి వస్తుందని ఎవరో అంటే నేనే వేములవాడ సంతలో పావురాలు కొనుక్కొచ్చాను. ఎన్ని కోశామో. చెయ్యి రాలేదు. అక్క ఎత్తి కూర్చోబెట్టేది, అక్క తినిపించేది, అక్క కడిగేది. తనకు సంబంధాలు వచ్చి పోయాయి. చివరి ఏడాది నాయన ఒక్క మాటే అనేవాడు, అదేమిటో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమవుతోంది ఏమని ఉంటాడో.

"తాగిన అక్కా" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

అక్టోబర్ 12

రేపు జగిత్యాల పోతాను.

అక్టోబర్ 13

హబీబ్ భాయ్ ఇంటికి వచ్చాడు. కృప లోపల బీడీలు కట్టలు కడుతోంది. ఆయన అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి, "భాయ్, గా రోజు నిన్ను లేపి పండవెట్టింది నేనే. నీ మొఖం నా మొఖం దగ్గర్నే ఉండె. కల్లు వాసన లేదు. సారా వాసన లేదు. తప్పు తప్పు మాట్లాడినవు గని, వాసన లేదు. నాకు ఏం అడిగే హక్కు లేదు. అల్లా చూస్తున్నడు, నువ్వు చూసుకో" అన్నాడు.

చాయ్ తాగకుండా పోయాడు. మా ఇంట్లో ఆయన ఇరవై ఏళ్ళుగా చాయ్ తాగుతున్నాడు.

అక్టోబర్ 14

సమ్మె ఇంకా పది రోజులు నడిస్తే చాలు. ఈ లోపల గోళీలు పనిచేస్తాయి, రక్తం పల్చబడుతుంది. డిపోలో ఎవరికీ తెలియదు. చెయ్యి మంచిగుంది. ఈ అక్షరాలు దాంతోనే రాస్తున్నాను కదా, వంకర లేవు. ముందుకన్నా గుండ్రంగా వస్తున్నాయి.

రేపు తప్పకుండా పోతాను.

అక్టోబర్ 15, శనివారం

టీవీలో చెప్పారు. బస్సు కార్మికులు సమ్మె వాయిదా వేసుకున్నారు. సాయంత్రం జలపతి సైకిల్ మీద వచ్చి సంతోషంగా అరిచాడు. "అన్నా, డ్యూటీ చార్ట్ పడ్డది! పొద్దుగాల మొదటి ట్రిప్పు సిరిసిల్ల, మన ఇద్దరమే!"

అక్టోబర్ 16, ఆదివారం

ఈ రోజుది ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున డిపోలో హబీబ్ భాయ్ నా బండి కింది నుంచి బయటికి వచ్చాడు. చేతులకు గ్రీజు. ఇరవై ఏడు రోజులు నిలబడ్డ బండి. టైర్లు, బ్రేకులు, గాలి, అన్నీ రెండుసార్లు చూశాడట. కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. "బండి మంచిగున్నదని నేను సంతకం పెట్టిన. డ్రైవర్ మంచిగున్నడని ఎవలు పెట్టాలె?" అన్నాడు. నేను తాళం తీసుకుని ఎక్కాను.

బస్టాండులో బండి పెట్టగానే జనం కిటికీల్లోంచి తువ్వాళ్ళు వేసి ఎక్కారు. నెల నుంచి బస్సు మొహం చూడని జనం. వేములవాడ మొక్కులవాళ్ళు, సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల మీద పనికి పోయే మగవాళ్ళు, పుట్టింటి నుంచి తిరిగి పోయే ఆడవాళ్ళు. బ్యానెట్ మీద కూడా నలుగురు. నా వెనుక సీటులో ఒక ముసలవ్వ కూర్చుంది. నన్ను పరీక్షగా చూసి గట్టిగానే అంది. "గీయనే గదనే, పండుగనాడు రోడ్డు మీద తాగి పడ్డది? మమ్ముల మంచిగ తీస్కపోతడా?"

బస్సంతా నవ్వు. ఆ నవ్వులో చేదు లేదు, నేనూ నవ్వాను. అంతలో జలపతి టికెట్లు కొట్టడం ఆపి ముందుకు వచ్చాడు. వాడికి కోపం వచ్చింది.

"ఏయ్ అవ్వా, మాట్లాడితే మంచిగ మాట్లాడు. ఇరవై రెండేండ్ల సర్వీసుల ఈయన బండి ఒక్క కుక్కను తగలలే. ఒక్కనాడు తాగితే తాగిండు, మనిషి కాదా? నేను వెనుక సీట్ల నిద్రపోత, తెల్సా? నా పానం గీయన చేతుల పెట్టి నిద్రపోత."

డబుల్ బెల్ కొట్టాడు.

నా చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి. చేతులు. కుడిచెయ్యి మంచిగానే ఉంది. గుండె దడ కూడా ఎక్కువగా లేదు. అది కూడా రాయాలి, నాకేమీ కాలేదు. ఏమన్నా అయి ఉంటే దిగడం సులువుగా ఉండేది. మొదటి గేరు వేశాను. బండి నాలుగు గజాలు కదిలింది. మళ్ళీ ఆపాను. ఇంజిన్ బంద్ చేసి తాళం తీసి దిగాను. ఎన్నాళ్ళుగానో ఎత్తిన బరువు దించినట్టు ఏమీ అనిపించలేదు. డోర్ మూసి నిలబడ్డాను, అంతే.

"ఏమైందన్నా?" జలపతి కిందికి దిగాడు.

"నేను ఆ రోజు తాగలేదు జలపతీ."

"సరే తియ్ అన్నా, తాగలేదు. ఎవలన్నరు? ఎక్కు."

"తాగలేదంటున్న. చెయ్యి పడిపోయింది. మాట పోయింది. గుండెల రోగమున్నది నాకు. రుద్రంగి అవతల మల్ల పడిపోతే?"

బస్సులోంచి ముసలవ్వ తల బయట పెట్టింది. "తాగకుంటె మంచిదే గదా కొడుకా! నడుపు మరి!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. జలపతి నా మొహం చూస్తూ మెల్లగా నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటి నొక్కి చూశాడు. వాడి కళ్ళు చూడలేక నేలను చూశాను. మొన్న మైకులో ఆర్నెల్లన్నది ఎందుకో కూడా అక్కడే చెప్పాను. వాడికి చెప్పకపోతే ఇంకెవడికి చెబుతాను? వాడు నా చెయ్యి వదిలి, "ఇంకో డ్రైవర్‌ను పిలుచుకస్త" అని డిపోకు ఉరికాడు.

మేనేజర్ సారు ముందు నిలబడి, నేను తాగలేదని, అది గుండె రోగమని కాగితం మీద రాసిచ్చాను. సారు చదివి తల పట్టుకున్నాడు. మంచివాడే. "తాగిన అని ఊకుంటే ఒక మెమోతోని పోవు గదయ్య. ఇది రాసిచ్చినంక నిన్ను నేను బండి ఎక్కనియ్యలేను" అన్నాడు.

"అందుకే రాసిచ్చిన సార్" అన్నాను.

హబీబ్ భాయ్ చేతులు కూడా కడుక్కోకుండా స్కూటర్ తీశాడు. నన్ను వెనుక కూర్చోబెట్టుకుని జగిత్యాల తీసుకుపోయాడు. ఆదివారమైనా డాక్టరు ఇంట్లోంచి వచ్చాడు. గరిటె సంగతి, కల్లు అబద్ధం విని తల స్కాన్ తీయించాడు. "ఇక్కడ చిన్న మచ్చ ఉన్నది చూడండి. చిన్నది ముందు వస్తది, పెద్దదాన్ని వెంట పెట్టుకొని వస్తది. మీరు ఆ చిన్నదాన్ని కల్లు కింద రాసేసిన్రు" అన్నాడు. గోళీ ఎందుకు ఆపారని అడిగాడు. డ్యూటీ లేదు కదా అని చెప్పాను. "వ్యవసాయంలో డ్యూటీ ఏంది?" అన్నాడు. అప్పుడు చెప్పాను డ్రైవర్‌నని. ఆ మెత్తటి కుర్రవాడు కుర్చీలోంచి లేచాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను. నీ గుండెకు సెలవు లేదు, మందుకూ సెలవు లేదు అన్నది మాత్రం గుర్తుంది. స్టీరింగ్ సంగతి అడిగితే, ఇప్పుడైతే ముట్టొద్దు, తర్వాతది తర్వాత చూద్దామన్నాడు.

అక్టోబర్ 17

రాత్రి ఇంటికి రాగానే కృపకు అంతా చెప్పాను. బీడీ చాట ఒడిలో పెట్టుకుని విన్నది. రోగం పేరు, గోళీ ఆపడం, గరిటె, చెయ్యి, అక్క ఫోను, అన్నీ. నేను తాగలేదని తెలిస్తే సంతోషిస్తుందని నాలో ఏ మూలనో ఉండింది. తొమ్మిది రోజులుగా నా పళ్ళెం చప్పుడు చేసిన మనిషి కదా.

చాట పక్కన పెట్టింది. లేచి వచ్చి నా భుజం మీద గట్టిగా కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"తాగినా మంచిగుండు గదయ్యా. తాగచ్చి నా నెత్తి మీద పడ్డా మంచిగుండు. సచ్చిపోయేటోన్ని పక్కల పండవెట్టుకొని, నేను మాట్లాడకుంట మొఖం తిప్పుకొని పండుకుంటి. గా తొమ్మిది రోజులల్ల నువ్వు పోతే? తాగుబోతువని తిట్టుకుంటనే బొందవెడ్దు గదా నిన్ను!"

ఇద్దరం ఏడ్చాం. పక్కింటివాళ్ళు వచ్చి చూసి పోయారు. మళ్ళీ తాగి ఉంటాడనుకుని ఉంటారు.

అక్టోబర్ 18

పొద్దున్నే ఎల్లవ్వ అక్కకు ఫోన్ చేశాను. తాగలేదని చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పమంది, చెప్పాను. తర్వాత, "నమ్మిన తమ్మీ" అంది.

అక్టోబర్ 22, శనివారం

వారం పరీక్షకు కృపను తీసుకుని జగిత్యాల పోయాను. డాక్టరు గోళీ మోతాదు మార్చాడు. ఆకుకూరలు ఒకరోజు తట్టెడు, ఒకరోజు అస్సలు లేకుండా కాదు, రోజూ ఒక్కతీరుగా తినాలట. కొట్టుకోవడం ఇంకా తప్పుతూనే ఉంది. మూడు, ఆగి, నాలుగు. అది తప్పుతూనే ఉంటుందట, గడ్డ కట్టకుండా చూసుకోవడమే మన పని అన్నాడు.

డిపోలో నా సంగతి ఏం చేస్తారో ఇంకా తేలలేదు. పెద్ద ఆస్పత్రి పరీక్షకు రాశారు. పొద్దున బస్సు హారన్ వినిపిస్తే ఇంట్లో ఒక చోట నిలబడలేకపోతున్నాను.

రోజూ రాత్రి అన్నం తిన్నాక కృప గోళీ తెచ్చి నా చేతిలో పెడుతుంది. నీళ్ళు ఇస్తుంది. మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. మింగానని చెబితే సరిపోవడం లేదు. గడ్డం పట్టుకుని, "నోరు తెరువు" అంటుంది. నాలుక ఎత్తమంటుంది, నాలుక కింద చూస్తుంది, అటు బుగ్గ, ఇటు బుగ్గ. మీసం నెరిసిన మనిషిని, చిన్నపిల్లవాడిని చూసినట్టు చూస్తావేమిటి, నా మాట మీద నమ్మకం లేదా అని ఈ రోజు అడిగాను.

"లేదు" అంది.

నోరు తెరిచాను.